రాత్రి రెండు గంటల రద్దీ: ఒక రుణ సంస్థ సర్వర్‌లో జాబ్‌ల వేళలను బొమ్మ కట్టి చూసిన కేస్ స్టడీ

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఒక రుణ సంస్థలో, ప్రధాన డేటాబేస్ సర్వర్ మీద రాత్రింబవళ్లు నడిచే షెడ్యూల్డ్ జాబ్‌లను (నిర్ణీత వేళకు తమంతట తామే నడిచే పనులను) బొమ్మగా గీసి, ఏ వేళల్లో రద్దీ ఉందో, ఏ వేళల్లో నిజంగా ఖాళీ దొరుకుతుందో తేల్చిన పని ఇది. ఆ సంస్థ వాహన రుణాలు, చిన్న వ్యాపారాలకు రుణాలు ఇస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ శాఖలున్నాయి. సర్వర్ మీద ఉన్నది మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్, జాబ్‌లను నడిపేది దానితోపాటే వచ్చే ఏజెంట్ సర్వీసు. ఏళ్ల తరబడి ఒక్కొక్కరు ఒక్కో జాబ్ చేర్చుతూ పోగా వాటి సంఖ్య రెండు వందలు దాటింది. వాటిలో ఏది ఎందుకు ఆ వేళకే పెట్టారో చెప్పగలిగినవాళ్లు చాలామంది ఇప్పటికే ఉద్యోగాలు మారిపోయారు.

మా ముందు పెట్టిన ప్రశ్న చిన్నదే. సర్వర్‌ను పూర్తిగా ఆపి ప్యాచ్‌లు (సాఫ్ట్‌వేర్ సవరణలు) వేయడానికి నెలకోసారి ముప్పావు గంట కావాలి. ఇండెక్స్‌ల (డేటాను త్వరగా వెతికిపెట్టే సూచికల) రీబిల్డ్, డేటాబేస్ సమగ్రత పరీక్ష (డేటా పాడవలేదని చూసుకోవడం) సర్వర్ నడుస్తుండగానే జరుగుతాయి కానీ, డిస్కు మీద అవి వేసే భారం చిన్నది కాదు కాబట్టి వాటికి తేలికైన వేళలు వెతకాలి. ఈ రెండూ ఎప్పుడు పెట్టుకోవచ్చని అడిగితే అకౌంట్స్ విభాగం, సాఫ్ట్‌వేర్ టీమ్, నైట్ షిఫ్ట్ సిబ్బంది అందరూ ఒకే జవాబు చెప్పారు: ఆదివారం, రాత్రి రెండు గంటలకు.

ఈ జవాబుకు ఒకప్పుడు ఆధారం ఉండేది. బ్యాంకుల మధ్య చెల్లింపులకు సెలవు రోజులున్నంత కాలం ఆదివారం సర్వర్ దాదాపు ఊరికే ఉండేది. నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి వారమంతా, రోజంతా నడుస్తోంది. అరగంటకొకటి చొప్పున రోజుకు 48 బ్యాచ్‌లు సెటిల్ అవుతున్నాయి. ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు 14న అదే దారి పట్టింది. వాయిదాల వసూలుకు ఆయువుపట్టు లాంటి నాచ్ (ఖాతాల నుంచి వాయిదాలను దానంతట అదే కోసే వ్యవస్థ) 2021 ఆగస్టు 1 నుంచి ఆదివారాలు, బ్యాంకు సెలవు దినాల్లో కూడా పనిచేస్తోంది. అంతకుముందు ఆదివారం వచ్చిన వాయిదా సోమవారానికి జరిగేది. ఇప్పుడు ఆదివారమే ఖాతాలో కోత పడుతుంది, ఆ ఫైలు ఆదివారమే మన సర్వర్‌కు చేరుతుంది, దాన్ని చదివి రుణ ఖాతాల్లో జమ చేసే జాబ్ ఆదివారమే నడవాలి. పని వారమంతా పరుచుకున్నా, ఆదివారం ఖాళీ అన్న నమ్మకం మాత్రం షెడ్యూళ్లలో అలాగే మిగిలిపోయింది. అందుకే ఎవరినీ అడగకుండా, జాబ్‌లు తాము నడిచిన జాడలను వదిలే చోటుకే వెళ్లి చూడాలని నిర్ణయించాం.

చరిత్రను ముందు నిలుపుకోవడం

ఏజెంట్ తన లెక్కలన్నీ ఎంఎస్‌డీబీ అనే సిస్టమ్ డేటాబేస్‌లో రాస్తుంది. ఏ జాబ్ ఎప్పుడు నడవాలన్నది షెడ్యూళ్ల పట్టికలోనూ, వాస్తవంగా ఎప్పుడు నడిచిందన్నది సిస్‌జాబ్‌హిస్టరీ పట్టికలోనూ ఉంటాయి. చాలామంది మొదటి పట్టికతోనే బొమ్మ గీసేస్తారు, ఎందుకంటే అది చిన్నది, శుభ్రంగా ఉంటుంది. కానీ షెడ్యూల్ చెప్పేది మొదలయ్యే క్షణం ఒక్కటే. ఎంతసేపు సాగిందో, అసలు మొదలైందో లేదో అది చెప్పదు. రద్దీ అంటే ఒకే సమయంలో ఎన్ని పనులు నడుస్తున్నాయన్న లెక్క కాబట్టి, నిడివి తెలియకుండా రద్దీ తెలియదు. మాకు కావలసింది రెండో పట్టిక.

ఆ రెండో పట్టికకు ఒక పరిమితి ఉంది, దాన్ని సవరించకుండా మొదలుపెడితే తర్వాత చేసేదంతా వృథా అవుతుంది. ఏజెంట్ తొలి అమరికల ప్రకారం అన్ని జాబ్‌లకూ కలిపి 1000 వరుసలు, ఒక్కో జాబ్‌కు గరిష్ఠంగా 100 వరుసలు మాత్రమే నిలుస్తాయి. ఐదు నిమిషాలకోసారి నడిచే జాబ్ రోజుకు 288 సార్లు నడుస్తుంది. దానిలో ఒక్క స్టెప్ (జాబ్‌లోని ఒక అంచె) ఉన్నా ప్రతి రన్‌కూ (జాబ్ ఒకసారి నడవడానికి) స్టెప్ తాలూకు వరుస ఒకటి, మొత్తం జాబ్ ఫలితం తాలూకు వరుస ఒకటి, వెరసి రెండు పడతాయి. అంటే 100 వరుసల్లో ఇమిడేది 50 రన్‌లు, కాలం లెక్కలో 4 గంటల 10 నిమిషాలు. ఇలాంటి జాబ్‌లు పదీపదిహేను ఉంటే చాలు, నెలకోసారి నడిచే వడ్డీ లెక్కల జాబ్ చరిత్ర మర్నాటికల్లా తుడిచిపెట్టుకుపోతుంది. ఎక్కువసార్లు నడిచే చిన్న జాబ్‌లు, అరుదుగా నడిచే పెద్ద జాబ్‌ల ఆనవాళ్లను ఇలా చెరిపేయడం వల్లే నెలాఖరు రాత్రుల గురించి ఆ సంస్థలో ఎవరి దగ్గరా లెక్క లేకుండా పోయింది.

కాబట్టి వరుసల పరిమితిని తీసేసి, దాని బదులు తేదీ ఆధారంగా పాత చరిత్రను తొలగించే పద్ధతి పెట్టాం; పైగా ప్రతి గంటా కొత్త వరుసలను మా సొంత పట్టికలోకి నకలు చేసే చిన్న జాబ్ ఒకటి రాశాం. ఆ తర్వాత మూడు నెలలు ఆగాం. త్వరగా ఫలితం చూపించమన్న ఒత్తిడి ఉన్నమాట నిజమే కానీ, మూడు నెలాఖరులైనా చూడకుండా రుణ సంస్థలో ఖాళీ వేళ ఇదని చెప్పడం సాహసమే అవుతుంది.

అంకెలను కాలంగా మార్చడం

సిస్‌జాబ్‌హిస్టరీలో తేదీ, వేళ, నిడివి మూడూ మామూలు పూర్ణాంకాలుగానే ఉంటాయి. వేళ గడిలో 93000 అని ఉంటే ఉదయం 9:30 అని అర్థం. 500 అని ఉంటే అర్ధరాత్రి దాటాక ఐదు నిమిషాలు. సున్నా ఉంటే సరిగ్గా అర్ధరాత్రి. నిడివిని కూడా ఇదే పద్ధతిలో రాస్తారు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. నిడివి గడిలో 10215 కనబడితే దాన్ని సెకన్లుగా చదివినవారికి 2 గంటల 50 నిమిషాల 15 సెకన్లు వస్తుంది. నిజానికది 1 గంట 2 నిమిషాల 15 సెకన్లు, అంటే 3735 సెకన్లు. నిమిషంలోపు ముగిసే జాబ్‌లకు రెండు పద్ధతుల్లోనూ ఒకే జవాబు వస్తుంది కాబట్టి చిన్న జాబ్‌ల మీద పరీక్షించి చూసినవారికి ఈ తేడా బయటపడదు. పెద్ద జాబ్‌లు మాత్రం బొమ్మలో రెట్టింపుకు మించి సాగిపోయి, లేని రద్దీని చూపిస్తాయి. ఒక జాబ్ 24 గంటలు దాటి నడిస్తే గంటల భాగం 24ను కూడా దాటిపోతుంది. దాన్ని గడియారపు వేళగా మార్చబోతే కోడ్ అక్కడే ఆగిపోతుంది. అందుకే నిడివిని ఎప్పుడూ భాగాహారంతో విడదీసి సెకన్లుగానే మార్చుకున్నాం.

స్టెప్ సంఖ్య సున్నా ఉన్న వరుసలు మొత్తం జాబ్‌కు చెందినవి, మిగిలినవి స్టెప్‌లవి. రెండింటినీ కలిపితే ప్రతి నిమిషమూ రెండుసార్లు లెక్కకు వస్తుంది. ఈ సున్నా వరుస జాబ్ ముగిశాకే రాయబడుతుంది కనుక, ఇప్పుడు నడుస్తున్న జాబ్‌లు చరిత్రలో ఉండవు. వాటిని సిస్‌జాబ్‌యాక్టివిటీ పట్టిక నుంచి, అదీ ఏజెంట్ చివరిసారి మొదలైన సెషన్ వరకే తీసుకోవాలి, లేకపోతే ఎప్పుడో సర్వర్ రీస్టార్ట్‌లో తెగిపోయిన జాబ్ ఇంకా నడుస్తున్నట్టే కనబడుతుంది. ప్రతి రన్‌తోపాటు రాసే సందేశంలో దాన్ని షెడ్యూల్ మొదలుపెట్టిందా, ఎవరైనా చేత్తో మొదలుపెట్టారా అన్నది ఉంటుంది. చేత్తో నడిపిన రన్‌లను తీసేయకుండా వేరే రంగులో ఉంచాం. ప్రతి నెలా ఐదో తేదీ ఉదయం ఒకే జాబ్‌ను ఎవరో చేత్తో నడుపుతున్నారంటే, అది షెడ్యూల్‌లో లేని రద్దీయే అయినా వాస్తవమైన రద్దీ.

ఏం గీయాలి, ఎలా గీయాలి

మొదట గీసినది టైమ్‌లైన్. అడ్డంగా కాలం, నిలువుగా జాబ్‌లు, ఒక్కో రన్ ఒక్కో పట్టీ. విజయవాడ వంటి రైల్వే డివిజన్ కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలర్ ముందుండే చార్టును చూసినవారికి ఈ ఆలోచన కొత్తది కాదు; అక్కడ రైళ్ల గీతల మధ్య మిగిలిన జాగాను చూసే పట్టాల మరమ్మతుకు బ్లాక్ (రైళ్లు నడవని సమయం) ఇస్తారు, ఇక్కడ పట్టీల మధ్య జాగాను చూసి ప్యాచ్‌కు సమయం ఇస్తాం. జాబ్‌లను పేర్ల వరసలో పెడితే బొమ్మ చిందరవందరగా ఉంటుంది. రాత్రి తొమ్మిది గంటల తర్వాత ఏది ముందు మొదలవుతుందో ఆ వరసలో పెట్టేసరికి పట్టీలు మెట్లలా దిగుతూ, ఏది ఎవరి తర్వాత వస్తుందో కంటికి తెలిసింది. రోజును అర్ధరాత్రితో మొదలుపెట్టకుండా మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు మధ్యాహ్నం 12 దాకా గీయడం కూడా చాలా సాయపడింది. డే ఎండ్ (ఆ రోజు లెక్కలు ముగించే) పనులు అర్ధరాత్రికి ఇటూ అటూ పరుచుకుని ఉంటాయి, వాటిని సరిగ్గా మధ్యలో నరికితే రాత్రి రూపం తెలియదు.

టైమ్‌లైన్ ఒక రాత్రిని చూపిస్తుంది, మూడు నెలలను చూపించలేదు. దానికి హీట్‌మ్యాప్, అంటే సంఖ్య పెరిగేకొద్దీ రంగు ముదిరే గడుల పట్టిక, కావాలి. వారంలో ఏడు రోజులను ఏడు వరుసలుగా, రోజును పావుగంటలుగా విడగొట్టి 96 నిలువు వరుసలుగా పెడితే 672 గడులు వస్తాయి. ఒక్కో గడిలో ఏ సంఖ్య వేయాలన్నదే ఇక్కడ ఆలోచించాల్సిన విషయం. ఎన్ని జాబ్‌లు మొదలయ్యాయో లెక్కపెట్టి వేయడం అందరూ చేసేదే, సులువు కూడా. అలా వేసినప్పుడు, పావుగంటకోసారి కొన్ని సెకన్లపాటు నడిచే లాగ్ బ్యాకప్‌లే (డేటాలో జరిగిన మార్పుల చిట్టాను నకలు చేసే జాబ్‌లే) బొమ్మంతా నింపేశాయి, రెండు గంటలు సాగే ఇండెక్స్ రీబిల్డ్ ఒక్క గడిలో ఒక్క అంకెగా మిగిలింది. దాని బదులు ప్రతి రన్‌ను అది తాకిన పావుగంటలన్నింటికీ సెకన్ల లెక్కన పంచాం. 1:50కి మొదలై 2:20కి ముగిసిన జాబ్ 1:45 గడికి 10 నిమిషాలు, 2:00 గడికి 15, 2:15 గడికి 5 ఇస్తుంది. గడిలోని మొత్తం సెకన్లను 900తో భాగిస్తే ఆ పావుగంటలో సగటున ఎన్ని జాబ్‌లు ఒకేసారి నడిచాయో వస్తుంది. ఈ సంఖ్యకు ఒక అర్థం ఉంది, దాన్ని అకౌంట్స్ విభాగం వారికి కూడా ఒక్క వాక్యంలో చెప్పగలం.

పావుగంటల గడులు ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. సంస్థ రిపోర్టింగ్ సర్వర్ ఒకటి క్లౌడ్‌లో ఉంది, దాని గడియారం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో) నడుస్తుంది. మన కాలం దానికి ఐదున్నర గంటలు ముందు. అక్కడ సరిగ్గా గంటకు పెట్టిన ప్రతి జాబ్ ఇక్కడ గంటన్నర, రెండున్నర, మూడున్నర వేళల్లో ప్రధాన సర్వర్ నుంచి డేటా లాగుతుంది. గంట గడులతో గీస్తే ఇక్కడ గంటకు పెట్టిన జాబ్‌లూ, అక్కడ గంటకు పెట్టిన జాబ్‌లూ ఒకే గడిలో కలిసిపోతాయి. పావుగంట గడుల్లో అవి రెండు వేర్వేరు దిబ్బలుగా విడిపడి, ఏ దిబ్బ ఏ సర్వర్ వల్ల లేస్తోందో బయటపెట్టాయి.

ఒక్కో గడికి మూడు నెలల్లో పదమూడు విలువలు మాత్రమే ఉంటాయి. వాటి సగటును వేస్తే నెలాఖరు ఒక్క రాత్రి వచ్చే భారం మిగిలిన పన్నెండింటిలో కరిగిపోతుంది. ఖాళీ వేళ కోసం వెతుకుతున్నప్పుడు మామూలు రాత్రి ఎలా ఉంటుందన్నది రెండో విషయం. అతి చెడ్డ రాత్రి ఎలా ఉంటుందన్నది మొదటిది. అందువల్ల ఒకే రంగుల కొలతతో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాం: ఒకటి మీడియన్‌తో (వరసలో మధ్యన ఉండే విలువతో), రెండోది గరిష్ఠ విలువతో. పదమూడు విలువల్లో 95వ పర్సెంటైల్ (నూటికి 95 విలువలు దాని లోపే ఉండే హద్దు) అంటే ఇంచుమించు గరిష్ఠమే కాబట్టి పెద్ద పేరు పెట్టి చెప్పడంలో అర్థం లేదనుకున్నాం. నెలాఖరు కోసం మరొక బొమ్మ విడిగా గీశాం. దానిలో వరుసలు తేదీలు కావు, నెల చివరి రోజు నుంచి వెనక్కి లెక్కించిన రోజులు. నెల 28తో ముగిసినా 31తో ముగిసినా చివరి రోజులన్నీ ఒకే వరుసలో పడతాయి.

రంగుల విషయం త్వరగా చెప్పేస్తాను. లేత నీలం నుంచి ముదురు నీలం దాకా ఒకే రంగు వాడాం, కొలతను వారం వారానికీ మార్చలేదు. డేటా లేని గడులకు బూడిద రంగు వేశాం. ఏజెంట్ ఆగిపోయి ఉన్న ఒక గంటను తెల్లగా వదిలేస్తే, అది ప్రశాంతమైన గంట అనుకునే ప్రమాదం ఉంది. ఇదంతా మొదట ఎక్సెల్‌లో కండిషనల్ ఫార్మాటింగ్‌తోనే చేశాం, పనికి ఏ లోటూ రాలేదు. రోజూ చూసుకోవడానికి తర్వాత పవర్ బీఐలోకి మార్చాం.

బొమ్మలో కనబడినది

రాత్రి రెండు గంటల గడి అన్ని గడుల్లోకీ ముదురుగా వచ్చింది. దాని తర్వాతిది అర్ధరాత్రి. ఈ రెండింటికీ కారణం ఒక్కటే: మనుషులు వేళ ఎంచుకునే తీరు. ఏజెంట్‌లో కొత్త షెడ్యూల్ తెర తెరిస్తే ముందే నింపి ఉండే వేళ అర్ధరాత్రి 12:00. దాన్ని మార్చకుండా ఓకే కొట్టినవన్నీ అక్కడ పోగయ్యాయి. అర్ధరాత్రి బరువుగా ఉందని గమనించిన జాగ్రత్తపరులందరూ, ఒకరికొకరు చెప్పుకోకుండానే, రెండు గంటలకు జరిగారు. ఎవరికి వారు ఖాళీ వేళనే ఎంచుకున్నారు. అందరూ కలిసి దాన్ని నింపేశారు.

ఒక మంగళవారం రాత్రి టైమ్‌లైన్‌ను దగ్గరగా చూద్దాం. ఫుల్ బ్యాకప్ 1:00కి మొదలై ఇంకా సాగుతోంది. సరిగ్గా 2:00కి ఇండెక్స్ రీబిల్డ్, కస్టమర్ల స్టేట్‌మెంట్ల తయారీ, రిపోర్టింగ్‌కు డేటా పంపే జాబ్ మూడూ ఒకేసారి మొదలయ్యాయి. పావుగంటకోసారి వచ్చే లాగ్ బ్యాకప్ పట్టీలు అప్పటిదాకా వెంట్రుకంత సన్నగా ఉన్నవి, 2:15 నుంచి ఒక్కసారిగా లావెక్కాయి. ప్రతి మార్పునూ లాగ్‌లో ఉంచే ఫుల్ రికవరీ మోడల్‌లో ఇండెక్స్ రీబిల్డ్ మొత్తం లాగ్‌లోకి రాయబడుతుంది కాబట్టి, తర్వాతి లాగ్ బ్యాకప్ ఆ బరువంతా మోయాలి. అంటే రీబిల్డ్ వేసే భారం దాని సొంత పట్టీతో ఆగడం లేదు, పక్క పట్టీలోకి పారుతోంది. అంకెల పట్టికలో ఈ సంబంధం కనబడదు. ఒకదాని కింద ఒకటి పట్టీలుగా పెట్టినప్పుడు చూడగానే తెలిసింది.

అదే రాత్రి, అదే బొమ్మలో ఇంకొకటి. వాయిదా చెల్లించినవారికి ఎస్ఎంఎస్ పంపే జాబ్ ఐదు నిమిషాలకోసారి నడవాలి. 2:05కి మొదలైన రన్ 2:22 దాకా సాగింది. ఒక జాబ్ నడుస్తుండగా దాని తర్వాతి వేళ వస్తే ఏజెంట్ రెండో రన్ మొదలుపెట్టదు, ఆ వేళను వదిలేస్తుంది. వదిలేసినట్టు చరిత్రలో వరుస కూడా రాయదు. కనుక 2:10, 2:15, 2:20 వేళల రన్‌లు జరగనే లేదు, ఫెయిల్ అయినట్టు కూడా ఎక్కడా లేదు. ఫెయిల్ అయిన జాబ్‌లకు మాత్రమే అలర్ట్ పెట్టుకున్న సంస్థకు ఇది ఎన్నటికీ తెలియదు. దువ్వెన పళ్లలా వరుసగా ఉండాల్సిన గీతల మధ్య మూడు పళ్లు లేకపోవడం చూశాకే, షెడ్యూల్ ప్రకారం జరగాల్సిన రన్‌ల జాబితాను తయారుచేసి చరిత్రతో పోల్చే ప్రశ్న (డేటాబేస్ క్వెరీ) రాశాం. ఆ ఒక్క ప్రశ్న మిగిలిన బొమ్మలన్నింటికంటే ఎక్కువ విలువైనదని నా అభిప్రాయం.

ఆదివారం సంగతి చెప్పనే లేదు. ఆదివారం వరుస మిగిలిన ఆరు వరుసలకంటే తేలికగా లేదు. తెల్లవారుజామున అన్నింటికంటే ముదురుగా ఉంది. నాచ్ ఫైళ్ల పని మామూలుగానే ఉండగా, ఆదివారం ఖాళీ అని నమ్మి పెట్టిన వారాంతపు పనులన్నీ దాని మీదికి వచ్చి పడ్డాయి.

తెల్లగా కనబడినదంతా ఖాళీ కాదు

గరిష్ఠ విలువల బొమ్మలో కూడా తెల్లగా నిలిచిన చోటు ఒకటుంది: ఉదయం 4:30 నుంచి 6:00 దాకా. దాన్నే ప్యాచ్ వేళగా ప్రకటించే ముందు, ఆ తెలుపు నిజమేనా అని నాలుగు వైపుల నుంచి పరీక్షించాం.

మొదటిది, వేరే చోట నడిచే పని. తెల్లవారుజామున నడిచే ఒక జాబ్ పట్టీ రెండు సెకన్లు మాత్రమే ఉంది. దాని స్టెప్ తెరిచి చూస్తే అది ఎస్ఎస్ఐఎస్ (డేటాను ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చే మైక్రోసాఫ్ట్ సాధనం) ప్యాకేజీని స్టోర్డ్ ప్రొసీజర్ (డేటాబేస్‌లోనే దాచిన కోడ్) ద్వారా మొదలుపెట్టి వదిలేస్తోంది. ప్యాకేజీ ముగిసేదాకా ఆగమని ప్రత్యేకంగా చెప్పకపోతే ఆ పిలుపు వెంటనే తిరిగి వచ్చేస్తుంది. ఏజెంట్ దృష్టిలో రెండు సెకన్లలో పని పూర్తయింది, ప్యాకేజీ మాత్రం 4:30 నుంచి 5:10 దాకా నడుస్తూనే ఉంది. ఆ వివరం ఎస్ఎస్ఐఎస్ సొంత కేటలాగ్‌లో ఉంటుంది. అక్కడి వేళలను తెచ్చి కలిపేసరికి తెల్లటి చోటులో సగం పోయింది.

రెండోది, ఫెయిల్ అవుతూ వస్తున్న జాబ్‌లు. ఫెయిల్ అయిన రన్ చాలాసార్లు మూడు నాలుగు సెకన్లలో ముగుస్తుంది కాబట్టి బొమ్మలో ఆ వేళ ఖాళీగా కనబడుతుంది. పాత రికార్డులను ఆర్కైవ్ చేసే జాబ్ ఒకటి పాస్‌వర్డ్ గడువు తీరినందువల్ల చాలాకాలంగా ఫెయిల్ అవుతోంది. దాన్ని ఎవరైనా బాగుచేసిన రోజున అది మళ్లీ తన పాత నిడివికి వెళ్తుంది. ఇలాంటి రన్‌లకు ఎర్ర అంచు వేసి, అవి చివరిసారి విజయవంతంగా నడిచినప్పటి నిడివితో పట్టీని చుక్కల గీతగా చూపించాం. త్రైమాసికం చివరనే ఎనేబుల్ చేసే జాబ్‌లనూ అదే పద్ధతిలో చేర్చాం.

మూడోది, జాబ్‌ల సంఖ్య వేరు, భారం వేరు. ఫైళ్ల వారీగా చదవడానికి, రాయడానికి పట్టిన ఆలస్యాన్ని ఎస్‌క్యూఎల్ సర్వర్ తాను మొదలైనప్పటి నుంచి కూడుతూ పోతుంది. దాన్ని పావుగంటకోసారి తీసి పెట్టుకుని, వరుస రెండు కొలతల మధ్య తేడాను హీట్‌మ్యాప్ గడులకు సరిగ్గా అదే కొలతలో పక్కన పెట్టాం. ఎనిమిది జాబ్‌లు నడుస్తున్నా డిస్కు తేలికగా ఉన్న గడులున్నాయి. ఒక్క సమగ్రత పరీక్షతోనే డిస్కు ఉక్కిరిబిక్కిరైన గడులూ ఉన్నాయి.

నాలుగోది, మనుషులు. సాయంత్రం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా జాబ్‌ల బొమ్మ దాదాపు తెల్లగా ఉంది. శాఖలు మూసేశాక, డే ఎండ్ మొదలుకాక ముందు వచ్చే విరామమది. కానీ వసూళ్లకు ఊళ్లకు వెళ్లిన ఫీల్డ్ సిబ్బంది తమ ఫోన్లలోని రసీదులను సర్వర్‌కు పంపేది సరిగ్గా ఆ గంటలోనే. బ్యాచ్ జాబ్‌లకు ఖాళీ ఉన్నంత మాత్రాన సర్వర్‌కు ఖాళీ ఉన్నట్టు కాదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మాకు దొరకలేదు. సెకనుకు వచ్చే రిక్వెస్టుల సంఖ్యను మూడో పొరగా చేర్చాక సాయంత్రపు ఆలోచన విరమించుకున్నాం.

ఇవన్నీ పోగా మిగిలింది ఉదయం 5:10 నుంచి 6:00 దాకా, అదీ నెల మొదటి వారం, చివరి మూడు రోజులు మినహాయించి, ఆదివారం కాకుండా. ముప్పావు గంట పనికి యాభై నిమిషాల జాగా. ప్యాచ్‌ను బుధవారం ఉదయానికి పెట్టాం. ఏదైనా తేడా వస్తే సరిచేయడానికి పగలంతా మనుషులు అందుబాటులో ఉంటారు.

జాబ్‌లను కదిపిన తీరు

బొమ్మ చూసి జాబ్‌లను ఇష్టం వచ్చినట్టు జరపడం సాధ్యం కాదు. రెండు గంటల జాబ్‌లలో కొన్ని, ముందు జాబ్ ఎలాగూ ఒంటిగంటన్నరకల్లా అయిపోతుందన్న అంచనాతో పెట్టినవి. డే ఎండ్ మామూలుగా 12:40కి ముగిసేది, నెలాఖరున మూడు దాటేది. ఆ రాత్రుల్లో స్టేట్‌మెంట్ల జాబ్, డే ఎండ్ ముగియకముందే మొదలై సగం సంఖ్యలతో నడిచే ప్రమాదం ఉంది. అంచనా మీద ఆధారపడిన ఇలాంటి జంటలన్నింటినీ గొలుసుగా మార్చాం: డే ఎండ్ చివరి స్టెప్ ఫుల్ బ్యాకప్‌ను మొదలుపెడుతుంది, బ్యాకప్ ముగిశాక స్టేట్‌మెంట్లు, అవి ముగిశాక రిపోర్టింగ్ డేటా. వీటికిక గడియారంతో పని లేదు.

గడియారం మీదే నడవాల్సిన చిన్న జాబ్‌లను గుండ్రటి వేళల నుంచి తప్పించి 7, 23, 41 వంటి నిమిషాలకు మార్చాం. జెన్‌కిన్స్ అనే ఆటోమేషన్ సాధనంలో ఇలా చెదరగొట్టడానికి షెడ్యూల్‌లో ప్రత్యేకమైన అక్షరం ఉంది, లినక్స్‌లో సిస్టమ్‌డీ టైమర్లకు యాదృచ్ఛిక ఆలస్యం పెట్టుకోవచ్చు. ఏజెంట్ షెడ్యూల్‌లో అలాంటి సదుపాయం లేనందున జాబ్ పేరు నుంచే నిమిషాన్ని లెక్కగట్టే చిన్న సూత్రం రాసుకున్నాం. ఇండెక్స్ రీబిల్డ్‌ను ఒకే రాత్రి చేయకుండా పట్టికల వారీగా వారంలోని రాత్రులకు పంచాం, దాంతో లాగ్ బ్యాకప్ పట్టీలు మళ్లీ సన్నబడ్డాయి. సమగ్రత పరీక్షను శనివారం ఫుల్ బ్యాకప్‌ను వేరే సర్వర్‌లో రీస్టోర్ చేసి అక్కడ నడుపుతున్నాం. బ్యాకప్ పనికొస్తుందన్న రుజువు కూడా దానితోనే దొరుకుతోంది.

ప్రతి మార్పుకూ ముందు ఆ జాబ్ ఎవరి కోసం నడుస్తోందో కనుక్కుని వారిని కలిశాం. అకౌంట్స్ విభాగం పెద్ద ఒకరు టైమ్‌లైన్ ముందు కూర్చుని, "సార్, మిగతావి మీ ఇష్టం, ఈ వడ్డీ జాబ్‌ను మాత్రం నెలాఖరుకు కదపకండి, పొద్దున్న ఆరున్నరకల్లా ఆ అంకెలు నా టేబుల్ మీద ఉండాలి" అన్నారు. ఆ ఆరున్నర అన్న గడువు ఏ డాక్యుమెంటులోనూ లేదు. అప్పటి నుంచి టైమ్‌లైన్‌లో ప్రతి జాబ్ పట్టీతోపాటు దాని ఫలితం ఎవరికి, ఎప్పటికల్లా కావాలో తెలిపే నిలువు గీత కూడా గీస్తున్నాం. పట్టీ చివరకూ ఆ గీతకూ మధ్య దూరం నెలనెలా తగ్గుతుంటే, ఏ అలర్టూ రాకముందే ఆ జాబ్‌ను చూడాల్సిన సమయం వచ్చిందని తెలుస్తోంది. వడ్డీ లెక్కల జాబ్‌లో ఆ దూరం ఇప్పటికే కొంత తగ్గింది. రుణ ఖాతాలు పెరుగుతున్నాయి కాబట్టి ఇంకా తగ్గుతుంది. దాని లోపల ఒక్కో ఖాతానూ విడివిడిగా లెక్కించే స్టెప్‌ను తిరగరాయడం మీద సాఫ్ట్‌వేర్ టీమ్ పనిచేస్తోంది.